పెద్దబాబా క్యాసెట్టులో పోయిన పావుగంట

పోయిన నెల ఒక పొద్దున రుసైల్‌లో మా మెస్సులో పప్పుకు తిరగవాత పెడతా ఉంటే ఇబ్రా నుంచి మామా ఫోన్ చేసింది. ఈ ఒమన్ దేశంలో ఇంటి యజమానురాలిని పనోళ్ళం మామా అని పిలుస్తాం. కొత్తలో ఆడమనిషిని పట్టుకొని మామా అనాల్సి వచ్చినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు మా ఊర్లో సొంత మేనమామను పిలవాలన్నా ముందు ఆమె మొకమే కండ్లల్లో మెదులుతుంది. డెబ్భై దాటిన మనిషి. బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది, గొంతులో ఇంగా ఆ బెత్తం పోలేదు. ఇల్లు రిపేరు చేయిస్తా ఉంటే పాత పెట్టె అడుగున వాళ్ళ నాయన క్యాసెట్లు దొరికినాయంట. మనవళ్ళు, మనవరాండ్లు వాటిలో ఒకదాంట్లో ఉన్న మామా వాళ్ళమ్మ గొంతు ఫోన్లలోకి ఎక్కించుకుంటామని ఒకటే గోలంట. శుక్రవారం నువ్వు కూడా రా ఓబులా, అందరం కూచొని విందాం అనింది. ఆమె మురిపెంగా చెప్తా ఉంటే ఈ పక్క నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. ముప్పై యేండ్లకు పైగా ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి నా కడుపులో ఉండిపోయింది. చెప్తానని ఒక పెద్దమనిషికి మాటిచ్చి, ఈ పొద్దు కాదు రేపు అని జరుపుకుంటా వచ్చినా. ఆ క్యాసెట్టు వింటే నేను నోరు తెరవకముందే అది చెప్పేస్తుంది. వస్తాలే మామా అని ఫోన్ పెట్టేసి చూస్తే తిరగవాత మాడిపోయింది. మెస్సులో తినేవాళ్ళు మంచోళ్ళు, ఆ పొద్దు ఏమీ అనకుండా తినేసి డ్యూటీకి పోయినారు.

మాది రాయచోటి పక్క పల్లె. మా పద్మకు రెండేండ్లు నిండకముందే దాన్ని మాయమ్మ చేతిలో పెట్టి నేను విమానమెక్కినా. మొగుడి సంగతి ఈడ వద్దులెండి, ఆయన గురించి రాస్తే కాగితం దండగ. ఇబ్రాలో నేను దిగిన ఇంట్లో మామా, ఆమె పిల్లలు, ఆమె నాయన ఉండేవాళ్ళు. మామా మొగుడికి మస్కట్‌లో ఉద్యోగం, వారానికొకసారి వచ్చి పోయేవాడు. ఆ ముసలాయన్ను నేను పెద్దబాబా అనేదాన్ని. ఆయన పుట్టి పెరిగింది సముద్రానికి అవతల జాంజిబార్‌లో. ఆడ లవంగాల వ్యాపారం చేసి, గుజరాతీ సేట్ల అంగళ్ళలో కూచొని హిందీ నేర్చి, కడాకు గొడవలొస్తే అన్నీ వదిలేసి పెండ్లాంబిడ్డలతో వచ్చేసినాడు. అందుకే ఆ ఇంట్లో పొద్దున్నే లుబాన్ సాంబ్రాణి పొగతో పాటు లవంగాల వాసన, కొబ్బరిపాల వాసన కూడా వచ్చేది. నేను లేచి ఏలకలు దంచి కాఫీ కాంచి ఫ్లాస్కులో పోసి, ఖర్జూరాల పళ్ళెం పక్కన పెట్టేదాన్ని. ఆయన మూడు చిన్న కప్పులు తాగి, నాలుగోది వద్దని కప్పు అటూ ఇటూ ఊపేవాడు. ఆ ఊపే సంగతి తెలీక మొదటి వారం నేను పోస్తానే ఉంటే ఆయన తాగతానే ఉన్నాడు పాపం, పోసిన దాన్ని కాదనడం మర్యాద కాదని. రొట్టె మాత్రం పల్చగా ఉండాల. ఒకటి చేతిలోకి తీసుకొని కిటికీ వెలుతురుకు పట్టి చూసేవాడు, అవతల గోడ అగుపడితే తినేవాడు, లేకపోతే కూడా తినేవాడు గానీ మాట్లాడేవాడు కాదు. నేను కడప పక్క దాన్ని, ఉర్దూ చెవులో పడతా పెరిగినదాన్ని కాబట్టి ఆయన హిందీ, నా ఉర్దూ కలిసి ఏదో ఒక భాష అయ్యేది. ఆ ఇంట్లో నాతో తీరుబాటుగా మాట్లాడింది ఆయనొక్కడే. మామా బడికి పోయేది, వచ్చి పేపర్లు దిద్దేది, దిద్దేటప్పుడు ఇంట్లో ఎవురూ గట్టిగా తుమ్మకూడదు.

ఆయనకు రెండు ఆస్తులుండేవి. ఒకటి ఇంగ్లీషు వార్తలు వినే రేడియో, రెండోది క్యాసెట్ల మిషను. నేను పోవడానికి ముందు యేడు ఆయన పెండ్లాం చనిపోయింది. ఆమె గొంతు ఒక క్యాసెట్లో ఉండేది. మామా పడుచుతనంలో కువైట్‌లో చదువుకునేటప్పుడు తల్లి మాట్లాడి పంపిన క్యాసెట్టు అది. శుక్రవారం మసీదు నుంచి వచ్చి, అన్నం తిని, చేతులు కడుక్కొని ఆయన ఆ క్యాసెట్టు పెట్టుకునేవాడు. నేను వంటింట్లో గిన్నెలు తోముతా వినేదాన్ని. ఆమె మాట్లాడేది జాంజిబార్ వాళ్ళ స్వాహిలి భాషలో, ఒక్క ముక్క నాకు తెలీదు. గొంతు మాత్రం మా ఊర్లో పెత్తనాలు చేసే ముసలోళ్ళ గొంతు. మొదట్లో బిరబిరా పోయేది, ఎక్కేది, ఆగేది, మళ్ళా ఎక్కేది. పావుగంట తర్వాత నెమ్మదించేది, నవ్వేది కూడా. ఆ మొదటి పావుగంట వచ్చేటప్పుడు మామా ఎప్పుడూ గదిలోకి పోయి తలుపేసుకునేది. తల్లి గుర్తొచ్చి ఏడుస్తుందేమో అనుకునేదాన్ని.

క్యాసెట్టు అంటే మాకు వేరే. మా పక్క నుంచి వచ్చినోళ్ళలో చానామందికి రాయడం రాదు, ఇంటికాడ చదివేవాళ్ళు లేరు. ఫోన్ చేయాలంటే వాళ్ళు టౌనుకు పోయి బూత్ కాడ కూచోవాల. అందుకని అందరం క్యాసెట్లో మాట్లాడి, ఊరికి పోయేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళం. ఆడ వాళ్ళు నాలుగుసార్లు విని, అదే క్యాసెట్టు మీద వాళ్ళ మాటలు ఎక్కించి మళ్ళీ వచ్చేవాళ్ళతో పంపేవాళ్ళు. మేము విని, దానిమీదనే మళ్ళీ మాట్లాడేవాళ్ళం. ఒకే క్యాసెట్టు ఆరేడుసార్లు సముద్రం దాటేది. నా గొంతు మీద మాయమ్మ గొంతు, మాయమ్మ గొంతు మీద నాది. ఎవరి గొంతునూ దాచిపెట్టుకోవాలని మాకు తోచలేదు, ఉత్తరం చదివినాక దాంతో ఏం పని? క్యాసెట్టు నెత్తిన రెండు చిన్న రెక్కలుంటాయి, అవి విరిగిపోతే ఇంగ దానిమీద రికార్డు కాదు. మాకు దొరికేవన్నీ పాత పాటల క్యాసెట్లు, రెక్కలు లేనివే. ఆ సందులో ఇంత ప్లాస్టర్ ముక్క అంటిస్తే రికార్డవుతుంది. ఆ విద్య గల్ఫుకు వచ్చిన మొదటి వారంలోనే అందరికీ వచ్చేసేది. రెక్కలు ఎందుకు విరుస్తారో మాలో ఎవురూ అడగలేదు. అవి ఒక గొంతును కాపాడుకోవాలనే విరుస్తారని నాకు తెలిసే వేళకు జరగాల్సింది జరిగిపోయింది.

ఆ రోజు బుధవారం, ఆడోళ్ళ సంత. మామా బడి నుంచి అట్నే సంతకు పోయింది, పెద్దబాబా ఎవరింటికో పలకరింపుకు పోయినాడు. మా పక్క ఊరి మేస్త్రి ఒకాయన మర్నాడు రాయచోటికి పోతా ఉండాడు, సాయంత్రం లోపల క్యాసెట్టు ఇస్తే తీసుకుపోతానన్నాడు. పద్మ రెండు నెలలుగా నా గొంతు వినలేదు. కిందటిసారి మాయమ్మ పంపిన మాటల్లో, నీ కూతురు రేడియోలో ఎవరు మాట్లాడినా నువ్వే అనుకుంటాది అని ఉండింది. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఆదరాబాదరా మిషను పక్కన ఉన్న క్యాసెట్టు తీసినా. నాది, పెద్దబాబాది ఒకే కంపెనీవి, ఒకే పచ్చరంగు చీటీ. ఆయన దానిమీద అరబ్బీలో ఏదో రాసుంది, నా దానిమీద కూడా అంతకుముందు వాళ్ళెవరో ఏదో గీకిన గీతలే. నాది బీరువా మీద పెట్టినానని ఆ తొందరలో గుర్తు లేదు. రెక్కలు లేవు, వంటింట్లో చేయి తెగితే వేసుకునే ప్లాస్టర్ ఇంత చించి అంటించి, పావుగంట మాట్లాడినా. అన్నం తింటాండావా, జేజిని సతాయిస్తాండావా, నీకు గౌను కొన్నా, ఎర్రది. ఇట్లాంటివే. ఏడవకూడదని ముందే అనుకున్నా కాబట్టి ఏడవకుండానే ముగించినా.

మాట్లాడినాక సరిగ్గా పడిందో లేదో వినడం అలవాటు. వెనక్కి తిప్పి పెట్టినా. నా గొంతు బాగానే పడింది. "తింటివా పద్మా" అని నా మాట ఆగింది. టక్కుమని చప్పుడొచ్చింది. ఆ వెంటనే ఆ ముసలామె గొంతు, మాట మధ్యలో నుంచి, నవ్వుతా మొదలైంది. ఆయనకు మిగిలిన గొంతు అదొక్కటే, అందులో పావుగంట నేను మింగేసినా. చెప్తే విమానమెక్కిస్తారు. ఎక్కిస్తే పద్మను ఏం పెట్టి పెంచాల? ఇంగ బుద్ధి పనిచేయలేదు. మళ్ళీ మొదటికి తిప్పి, రికార్డు బటన్ నొక్కి, నోరు మూసుకొని కూచున్నా. నా గొంతు పోవాల గదా. పక్కన బట్టల మిషను తిరగతా ఉంది, అది ఆపాలని కూడా తోచలేదు. పావుగంట అయిందనుకొని ఆపేసి, క్యాసెట్టు ఉన్నచోట పెట్టేసినా. కంగారులో ప్లాస్టర్ పీకడం మరిచిపోయినా. మేస్త్రి వస్తే ఈసారికి ఏమీ లేదన్నా అని చెప్పి పంపించినా. ఆ నెల పద్మకు నా గొంతు పోలేదు.

శుక్రవారం వచ్చింది. పెద్దబాబా చేతులు కడుక్కొని క్యాసెట్టు పెట్టినాడు. గుర్రుమని బట్టల మిషను చప్పుడు. నేను గిన్నెల కాడ కొళాయి తిప్పి పెట్టి, ఆ నీళ్ళ చప్పుడులో వినీ వినక నిలబడినా. ఆయన ఆపలేదు, పావుగంటా ఆ గుర్రు వింటా కూచున్నాడు. ఆయన పెండ్లాం గొంతు మధ్యలో నుంచి మొదలైతే మిగతాది వినేసి, మిషను గుడ్డతో తుడిచి మూత పెట్టినాడు. తిట్టింటే బాగుండును. మామానే బయటికొచ్చి ఏమైందని అడిగింది. ముందు వారం డ్రైవరు మల్లేశం ఆ మిషను విప్పి, దూదికి సెంటు పూసి తుడిచినాడు. వాడే చెడగొట్టినాడు అనేసింది. అంత తొందరగా ఎట్ల తేల్చేసిందో నాకు అప్పుడు అర్థం కాలేదు, బడిలో పిల్లోళ్ళ విషయంలో నాలుగుసార్లు విచారించే మనిషి. ఇంగొక నెల చూసి, వాణ్ణి పంపించేసి వేరే డ్రైవర్ను తెప్పిస్తానని మొగుడితో ఫోన్లో చెప్పింది.

మల్లేశం కరీంనగర్ పక్కాయన. సైటు పని చేసి చేసి, నడుము పట్టేసి, తిప్పలు పడి డ్రైవరు పనిలోకి వచ్చినాడు. నన్ను చెల్లె అనేవాడు. సంచి నిండా కూరగాయలు దించి వంటింటి గడప కాడ నిలబడి, "నేనేం జెయ్యలె చెల్లె, జెర తుడిసిన గంతే. గీ ముచ్చట మామాకు నువ్వన్న జెప్పు, నీ మాట ఇంటది" అన్నాడు. నేను వంకాయలు తరగతా తల ఎత్తలేదు. "చెప్తాలే అన్నా" అన్నాను. ఆయన నన్ను నమ్మి పోయినాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆ ఇంటి దొంగనే ఆయన సిఫారసు అడిగిపోయినాడని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో చెవులు కాలతాయి.

ఆ వారం నుంచే పెద్దబాబా నాకు అమెరికా ప్రెసిడెంటు కత చెప్పడం మొదలుపెట్టినాడు. సాయంత్రం నాలుగింటికి నేను చాట ముందరేసుకొని పప్పులో రాళ్ళు ఏరేదాన్ని, ఆయన కుర్చీ లాక్కొని కూచునేవాడు. ఆ కత జరిగిన కాలంలో ఆయన రేడియో వదల్లేదంట, అన్నం కూడా రేడియో కాడనే తిన్నాడంట. ఎలక్షన్ల ముందర, వాటర్‌గేట్ అనే పెద్ద బిల్డింగులో అవతలి పార్టీ ఆఫీసుంటే, ప్రెసిడెంటు పక్క ఐదుగురు మనుషులు కెమెరాలు, మాటలు దొంగతనంగా వినే మిషన్లు పట్టుకొని దాంట్లో దూరినారు. తలుపు గడియ పడకుండా దానికి ప్లాస్టర్ అంటించినారు. వాచ్‌మన్ చూసి పీకేసినాడు. మళ్ళా తిరిగొచ్చి చూస్తే మళ్ళా అంటించి ఉంది. అప్పుడు పోలీసులకు ఫోన్ చేసినాడు. ప్లాస్టర్ అనే మాట వినగానే గుమ్మడికాయల దొంగ మాదిరి నా చేయి భుజం మీదికి పోయింది. ఆయన నావైపు చూడలేదు, పప్పువైపు చూస్తా చెప్పుకుంటా పోయినాడు. ప్రెసిడెంటుకు ఆ దొంగతనం సంగతి ముందే తెలుసో లేదో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేరంట. నా మనుషులే, తప్పయింది అనుంటే నాలుగు రోజులు తిట్టి మరిచిపోయేవాళ్ళేమో. ఆయన నాకేం తెలీదన్నాడు. ఆ మాట నిలబెట్టడానికి పట్టుబడినోళ్ళ నోళ్ళు డబ్బుతో మూయించినారు, విచారణ ఆపమని చెప్పించినాడు, అడిగేవాళ్ళను ఉద్యోగం నుంచి తీయించినాడు. ఇంత పెద్ద రాజు, ఆయన గదిలోనే ఆయన పెట్టించుకున్న మిషన్లు ఆయన మాటలన్నీ రికార్డు చేస్తా ఉన్నాయి. ఆ సంగతి బయటపడి కోర్టు ఆ టేపులు తెమ్మనింది. తెచ్చి పెడితే ఒకదాంట్లో పద్దెనిమిదిన్నర నిమిషాలు మాటలే లేవు. గుర్రుమని చప్పుడు.

నేను రాళ్ళు ఏరడం ఆపేసినా. ఎవరు చెరిపినారు బాబా అని అడిగినా. తెలీలేదు, ఇప్పటికీ తెలీదు అన్నాడు. ప్రెసిడెంటు దగ్గర పనిచేసే సెక్రటరీ, చానా యేండ్లుగా నమ్మకంగా ఉన్న ఆడమనిషి, ఒక ఐదు నిమిషాలు నావల్లనే పోయిందేమో అనింది. టేపు వింటా టైపు కొడతా ఉంటే ఫోన్ మోగింది, ఫోన్ అందుకోవడానికి వంగినప్పుడు కాలు కింద పెడల్ మీదనే ఉండిపోయింది, చేయి వేరే బటన్ మీద పడింది అని చెప్పింది. అది ఎట్లనో చూపించమని ఫోటో తీసినారు. ఒక చేయి ఆ కొసకు, ఒక కాలు ఈ కొసకు సాచి ఉన్న ఆ ఫోటో చూసి దేశమంతా నవ్వింది. పెద్దబాబా కుర్చీలో నుంచి అట్ల వంగి చూపించినాడు, ఆయనకు కూడా నవ్వొచ్చింది. నాకు నవ్వు రాలేదు. కడాకు ఆ ప్రెసిడెంటు దిగిపోయి, హెలికాప్టరెక్కి చేయి ఊపుకుంటా పోయినాడని, తర్వాత వచ్చినాయన క్షమించేసినాడని చెప్పినాడు. అదంతా నా చెవికెక్కలేదు.

"ఆ సెక్రటరీ ఏమైంది బాబా?" అని అడిగినా.

ఆయన చాటలో నుంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టినాడు. "ఈ కత నేను ఎంతోమందికి చెప్పినా. ప్రెసిడెంటు ఏమయినాడని అందరూ అడిగినారు. ఆమె ఏమైందని నువ్వే అడిగినావు" అన్నాడు.

చాట పక్కన పెట్టి ఆయన కాళ్ళ కాడ కూలబడి మొత్తం చెప్పేసినా. బీరువా మీద పెట్టింది, మరిచిపోయింది, ప్లాస్టర్, పద్మ, బట్టల మిషను, మల్లేశం. చెప్తా ఉంటే ఏడుపొచ్చి సగం తెలుగులోనే చెప్పినా, ఆయనకు ఏం అర్థమైందో. ఆయన జేబులో నుంచి ఆ ప్లాస్టర్ ముక్క తీసి చాట అంచు మీద పెట్టినాడు. మొదటి శుక్రవారమే చూసినాడంట. ఇంగొకటి కూడా చెప్పినాడు. నేను చెరిపింది సరిగ్గా చివరిదాకా చెరగలేదు, గుర్రు అయిపోయినాక, ఆయన పెండ్లాం గొంతు రాకముందు, నా చివరి మాట మిగిలిపోయింది, అందులో నా కూతురి పేరు వినిపించింది అన్నాడు. నా మొకం చూసి, నువ్వు చెప్పకపోయినా మల్లేశాన్ని పోనిచ్చేవాణ్ణి కాదులే అన్నాడు. నేను ఆ ముసలామె గొంతు పోగొట్టినా బాబా అన్నా. ఆయన చెప్పిన మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"నాకింగా ముప్పావుగంట మిగిలింది. నీ బిడ్డకు ఈ నెల ఏం మిగిలింది?"

ఆ సాయంత్రమే కూతుర్ని పిలిచి, మల్లేశాన్ని ఏమీ అనొద్దు, నేనే తప్పు బటన్ నొక్కినా, చేతులకు వయసొచ్చింది అనేసినాడు. ప్రెసిడెంటు అబద్ధాన్ని ఇరవై యేండ్లుగా తిడతా ఉన్న మనిషి, నాకోసం నిలబడి అబద్ధం చెప్పినాడు. మామా ఆయన వైపు ఒకసారి చూసి, సరేలే నాయనా అని పేపర్లు దిద్దుకోవడానికి పోయింది. అమెరికాలో పెద్దాయన కోసం పనిచేసే ఆమె అంత నగుబాటు పడితే, ఈ ఇంట్లో పనిచేసేదాని కోసం పెద్దాయన తప్పు నెత్తిన వేసుకున్నాడు. అయితే ఊరికే వదిలిపెట్టలేదు, నా కూతురికి నువ్వే చెప్పాల, ఎప్పుడు చెప్పగలిగితే అప్పుడు, నేనైతే చెప్పను అన్నాడు. సరే బాబా అని మాటిచ్చినా. మర్నాడు మల్లేశంతో కొత్త ఖాళీ క్యాసెట్లు డజను తెప్పించి నా చేతిలో పెట్టి, రెక్కలు ఎట్ల విరవాలో చూపించినాడు. మాట్లాడినాక విరిచి పంపు, ఆ పిల్ల పెద్దయినాక వింటుంది అన్నాడు. ఆ డజనూ ఇప్పటికీ పద్మ దగ్గర ఉన్నాయి. అది ఇప్పుడు బడిలో టీచరు, దాని పిల్లలు వాటిని విని నవ్వుతారంట, జేజికి అప్పుడు ఎంత సన్న గొంతు అని.

ఆ ఇంట్లో పదకొండేండ్లు చేసినా. పెద్దబాబా పోయినప్పుడు పరామర్శకు కూచునే ఇంటి ఆడోళ్ళ మధ్యలో నన్ను కూడా కూచోబెట్టి మూడు రోజులు కాఫీ తాపినారు. తర్వాత మామానే కాగితాలు సర్ది నన్ను రుసైల్ పంపించింది, ఈ మెస్సు నా చేతికొచ్చింది. ఇన్నేండ్లలో ఎన్నోసార్లు ఇబ్రా పోయినా, ప్రతిసారీ దోవలో చెప్పాలనుకునేదాన్ని, ఆమె మొకం చూడగానే ఆ బెత్తం గొంతుకు నా నోరు పడిపోయేది. ఇప్పుడు మా మెస్సులో ఖమ్మం, నిజామాబాద్, కడప, అన్ని పక్కల మొగోళ్ళు అన్నం కలుపుకుంటానే ఇంటికి వీడియో పెడతారు. బిడ్డ ఆడ బువ్వ తింటే వీళ్ళు ఈడ తింటారు. చూస్తే నాకు కడుపు నిండుతుంది, అట్లాంటి కాలం మాకు రాలేదని ఏడుపు కూడా లేదు. ఒక్కటే, ఇప్పుడు నచ్చని మాట పంపి, అవతలోళ్ళు చూడకముందే చెరిపేసుకుంటారు, చెరిపిన గుర్తు తప్ప ఏమీ ఉండదు. మాకు పావుగంట గొంతు పోతే ఇల్లంతా కదిలిపోయింది.

శుక్రవారం ఇబ్రా పోయినా. చుట్టాలు కూచునే మజ్లిస్ గది నిండా మనవళ్ళు, మనవరాండ్లు, మధ్యలో ఆ పాత మిషను, ఫోన్లు చుట్టూ పెట్టుకొని కూచున్నారు. మామా మోకాళ్ళు నొస్తాయని కుర్చీలో ఉంది. క్యాసెట్టు పెట్టబోతా ఉంటే నేను ఆగమన్నా. ఇంతమంది ముందర వద్దు, లోపలికి పోదామా అని అడగబోయి, ఇంగ దాచి ఏం లాభమని, ఆమె కుర్చీ పక్కన కింద కూచొని అరబ్బీలో మొత్తం చెప్పేసినా. మీ నాయన చేతులకు వయసు రాలేదు, నాకోసం అన్నాడు, చెప్తానని మాటిచ్చి ఇన్నేండ్లు చెప్పలేదు అన్నా. మామా గడ్డం కింద చేయి పెట్టుకొని నన్నే చూస్తా ఉంది.

"అప్పుడే చెప్పింటే ఆ రోజే విమానమెక్కించేదాన్ని" అనింది. నేను తల ఊపినా, నిజమే గదా. "ఎవరు చేసినారో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. అది పోయిందని నాకు ప్రాణం లేచొచ్చింది."

తర్వాత మనవళ్ళ వైపు తిరిగి, ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పని మాట చెప్పింది. కువైట్‌లో చదివేటప్పుడు టీచరు పరీక్షలో ఫెయిలై, పాసయినానని ఇంటికి కబురు పెట్టిందంట. తల్లి సంబరపడి వీధి వీధంతా హల్వా పంచింది. రెండు నెలలకు నిజం తెలిసింది. ఆ క్యాసెట్లో మొదటి పావుగంట ఆ తిట్లే. ఫెయిలైతే ఏమైంది, నాకెందుకు చెప్పలేదు, తిన్నోళ్ళ నోట్లో నుంచి ఆ హల్వా ఎట్ల వెనక్కి తీసుకోను అని. నాయనకు ఆ తిట్లంటేనే ఇష్టం, ఆ గొంతులోనే పెండ్లాం నిలువునా అగుపడేదంట. హెడ్‌మిస్ట్రెస్ అయినాక కూడా శుక్రవారం శుక్రవారం అవి వినలేక తలుపేసుకునేది. అందుకే ఆ రోజు తొందర తొందరగా మల్లేశం మీద వేసి మూసేసినానని, ఆయన ఏ ఊర్లో ఉన్నాడో కనుక్కుని తనచేత మాట్లాడించమని చెప్పింది. ఆ మాట అన్నాక ఆమె కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

"పోయిందని ముప్పై యేండ్లు సంతోషపడినా. ఇప్పుడు నన్ను తిట్టేవాళ్ళు ఎవురూ లేరు ఓబులా. ఒక్కసారి వినాలని ఉంది" అనింది.

యాభై శుక్రవారాలు గిన్నెలు తోముతా విన్న గొంతు అది. అర్థం ఒక్క ముక్క తెలీదు, వరస మాత్రం నా చెవులో అట్నే ఉంది. ఎట్ల ధైర్యం వచ్చిందో, లేచి నిలబడి, కొంగు నడుముకు దోపి, "సికిలీజా, మ్వనంగు" అని ఎత్తుకున్నా. విను బిడ్డా అని దాని అర్థమంట, నాకు తర్వాత తెలిసింది. ఆ ముసలామె ఎక్కిన చోట ఎక్కినా, ఆగిన చోట ఆగినా, మాటలు రానిచోట గొంతుతోనే పోనిచ్చినా. పిల్లోళ్ళు ముందు నవ్వినారు, వాళ్ళు జిద్దా అని పిలిచే అవ్వ మొకం చూసి మానుకున్నారు. మామా చేతికర్ర పట్టుకొని మెల్లగా కుర్చీలో నుంచి లేచింది. పంతులమ్మ ముందర నిలబడినట్టు నా ముందర తల దించుకొని నిలబడి, స్వాహిలిలో ఏదో చెప్పింది. నేను ఆపి ఏమన్నావు మామా అని అడిగినా. ఫెయిలైనానమ్మా అన్నాను అని చెప్పింది.